మా అత్త వంటగది గోడకు ఒక కన్నం ఉండేది

మా మేనత్త మంగళవారం ఉదయం ఏడు గంటలకు జంషెడ్‌పూర్ ఆసుపత్రిలో చనిపోయింది. అంతకు ముందు ఆదివారం మధ్యాహ్నం, ఆ ఊళ్ళోనే సీతారాండేరాలో ఆమె అద్దెకు ఉంటున్న ఇంట్లో, వంటగదిలో చేరిన గ్యాస్ అంటుకుని ఒళ్ళు కాలింది. విచారణకు వచ్చిన అధికారి మొదట రాసుకున్న కారణం ఇది: వంటగదిలో గాలి వెళ్ళే దారి లేదు, ఆమె అగ్గిపుల్ల గీసింది, వాడుకదారు నిర్లక్ష్యం.

ఈ మూడింటిలో మొదటిది నిజం. గాలి వెళ్ళే దారి లేదు. ఆ దారి ఎవరు మూశారో అధికారి రాయలేదు. మర్నాడు పత్రికలు కూడా రాయలేదు, నేను పనిచేసే పత్రికతో సహా. "గృహిణి నిర్లక్ష్యం" అని శీర్షిక పెట్టిన వాళ్ళెవరూ ఆ వంటగదిలో కాలు పెట్టలేదు. నాకు కోపంగా ఉంది. పాఠకులు ఆ సంగతి తెలుసుకునే ఇది చదవాలి.

మా అత్త నిర్లక్ష్యం ఎలాంటిదో చెబుతాను.

ఎవరింటికి వెళ్ళినా ఆమె ముందు వంటగదిలోకి వెళ్ళేది. స్టవ్ వెలిగించి, వంగి మంట రంగు చూసేది. నీలంగా ఉంటే బయటికి వచ్చి మంచినీళ్ళు అడిగేది. పసుపు రంగు కనబడితే ఆ ఇంటివాళ్ళకు ఆ పూట విశ్రాంతి లేనట్టే. సిద్ధగోరాలో మేం కొత్తగా కాపురం పెట్టినప్పుడు మా ఆవిడ చేపల పులుసు వండి ఆమెను పిలిచింది. అత్త గిన్నె ఎత్తి అడుగు చూసింది. అంతా మసి.

"ఏటమ్మా ఇది, రైలింజినా?" అంది మా ఆవిడతో. "పులుసు తరవాత తింతాను గానీ, పిన్నీసుందా?"

బర్నర్లు ఊడదీసి వేడినీళ్ళలో వంటసోడా వేసి నానబెట్టింది. పాత టూత్‌బ్రష్‌తో తోమింది. ఒక్కొక్క కన్నంలో పిన్నీసు దూర్చి తీసింది. తీరా మా ఆవిడ వాటిని పొయ్యి మీద పెట్టబోతే చెయ్యి మీద కొట్టింది. "తడి ఆరాల. నీళ్ళుంటే మంట ఎగిరెగిరి పడతాది." ఆరాక వెలిగిస్తే ఒక బర్నరు ఇంకా పసుపుగానే మండింది. అత్త పొయ్యి కిందికి చెయ్యి పోనిచ్చి, గాలి తీసుకునే చోట ఉండే చిన్న రేకును కొంచెం తిప్పింది. మంట నీలంగా మారింది. పులుసు చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేయించి, బాగుందని రెండుసార్లు వేయించుకుంది.

ఆమెను మెత్తని మనిషి అని ఎవరూ అనరు. నోరు పెద్దది. గ్యాస్ తెచ్చే మనిషి సిలిండరు దించి వెళ్ళిపోదామని చూసేలోగా సబ్బునీళ్ళ గిన్నెతో గుమ్మంలో నిలబడేది.

"మాతాజీ, హర్ బార్ సాబున్? దేర్ హో రహా హై," అని, ఆలస్యమైపోతోందని అతను గొణిగేవాడు.

"దేర్ హోనే దో. బుడగ ఆయా తో తుమ్ హీ ఉఠాకే లే జాయేగా," అనేది అత్త. బుడగ వస్తే సిలిండరు మళ్ళీ అతనే మోసుకుపోవాలని ఆమె మాట.

సిలిండరు బిగించాక దాని మూతి దగ్గర, పైపు రెండు చివర్లా నురగ రాసి, ఎక్కడా బుడగ లేవడం లేదని చూశాకే అతన్ని వదిలేది. కొన్నాళ్ళకు అతనే గుమ్మంలోంచి "సాబున్ లావో మాతాజీ" అని కేకేయడం మొదలుపెట్టాడు. ఈ చివరి సిలిండరుకు కూడా ఆమె నురగ రాసి చూసిందని దహనం రోజు అతను నాతో చెప్పాడు. అధికారి అతన్ని ఏమీ అడగలేదు.

గ్యాస్ ఎక్కడ కారిందో ఇంకా తేలలేదు. రబ్బరు పైపు కాలిపోయింది. తెలియని దాన్ని తెలిసినట్టు నేను రాయను.

తెలిసింది చెబుతాను. ఆ ఇంట్లో దిగిన కొత్తలోనే అత్త వంటగది గోడకు, నేలకు జానెడు ఎత్తులో, ఒక ఇటుకంత కన్నం కొట్టించింది. వంటగ్యాస్ గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. కిటికీ ఎంత పెద్దదైనా దాని దాకా ఎక్కదు. అందుకే ఆ కన్నం. ఎలుకలు రాకుండా దానికి ఇనుపవల బిగించింది.

పోయిన ఎండాకాలం ఆమె శ్రీకాకుళం వైపు చెల్లెలి ఇంటికి వెళ్ళి వచ్చేసరికి కన్నం లేదు. ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉన్న సందుకు ఇంటాయన కప్పు వేసి గది చేశాడు. జుగ్సలాయి వ్యాపారి ఒకరికి ప్లాస్టిక్ బకెట్లు పెట్టుకోవడానికి అద్దెకిచ్చాడు. కన్నం ఆ గదిలోకి తెరుచుకుంటుంది కాబట్టి సిమెంటుతో పూడ్పించాడు. ఇంటాయనది మా వైపు ఊరే. వాళ్ళిద్దరి మాటలు నేను అక్కడే ఉండి విన్నాను.

"ఎలకలొచ్చేత్తన్నాయని మూయించేను పిన్నీ. నీ మంచికే. పైన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించేను కదా."

"ఆ ఫ్యాను కాకులకి గాలాడ్డానికేటి? గ్యాసు పైకెళ్తాదా? నేల మీద పాకుతాది బాబూ."

"నీకన్నీ అనుమానాలే పిన్నీ."

"అనుమానం కాదు, కన్నం. నా కన్నం నాకు కావాల."

పక్కింటివాళ్ళు నవ్వారు. ఇంటాయన చూద్దామన్నాడు. ఆ తరవాత ఎన్నిసార్లు అడిగినా ఆ మాటే అన్నాడు. ఒకరోజు అత్త తనే ఉలి, సుత్తి తీసుకుంటే ఆమె కొడుకు, మా బావ, ఆపాడు. బావ కార్ఖానాలో కాంట్రాక్టు పని చేస్తాడు. "ఖాళీ చెయ్యమంటే ఎక్కడికెళ్తామమ్మా," అన్నాడు. అత్త ఉలి పక్కన పెట్టి, వంటగది తలుపు మూసుకోకుండా ఒక ఇటుక అడ్డం పెట్టింది. కన్నం పోయాక ఆమెకు మిగిలిన ఉపాయం అదొక్కటే.

ఆ ఆదివారం అత్త కూరగాయలకు వెళ్ళింది. బావ డ్యూటీకి బయల్దేరుతుంటే పిల్లి పాలగిన్నె చుట్టూ తిరుగుతోంది. ఇటుక జరిపి తలుపు వేసి వెళ్ళాడు. ఈ సంగతి నాకు చెప్పింది బావే. అత్త తిరిగొచ్చి తలుపు తీసింది. తరవాత ఏం జరిగిందో ఆసుపత్రిలో ఆమె నాతో చెప్పింది. మాట సన్నగా ఉంది గానీ తడబాటు లేదు.

"వాసనొచ్చింది అల్లుడా. లైటు ముట్లేదు. కిటికీ తీద్దారని రెండడుగులేసేను. ఫ్రిజ్ గుర్రుమన్నాది. అంతే."

ఫ్రిజ్ దానంతట అదే ఆన్ అవుతుంది. అప్పుడు లోపల వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. సిలిండరు పేలలేదు. పొయ్యి ఒరిగింది. దాని నాబ్‌లన్నీ కట్టేసి ఉన్నాయి, మీద గిన్నె లేదు. లైటరు మేకుకు వేలాడుతోంది. అగ్గిపెట్టె ముందుగదిలో, దేవుడి అరలో ఉంది. గోడంతా మసిబారింది. నేల దగ్గర ఒకచోట మాత్రం పూత ఊడిపోయి కొత్త సిమెంటు కనిపిస్తోంది. అధికారి తీసిన ఫోటోల్లో పొయ్యి ఉంది, సిలిండరు ఉంది. ఆ మూల లేదు.

బుధవారం ఇంటాయన పరామర్శకు వచ్చాడు. కూర్చుని, బావ భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "జరిగిందేదో జరిగిపోయింది తమ్ముడూ. అమ్మ అగ్గిపుల్ల గీసిందని చెప్పెయ్. ఫైలు మూసేత్తారు. ఇల్లు నాను బాగు చేయిత్తాను. మీరుండండి."

ఆయన వెళ్ళాక బావ నన్ను అడిగాడు. "ఏరా, నిజం సెప్తే తలుపు మూసింది నానేనని కూడా రాత్తారు కదా?"

రాస్తారన్నాను.

"అమ్మని కొడుకే సంపేసినాడంటారు."

అతని కూతురు కాలేజీలో చదువుతోంది. ఇంట్లో తెలుగు వింటుంది, జవాబు హిందీలో చెబుతుంది. గోడకు ఆనుకుని కూర్చున్నదల్లా తల ఎత్తింది.

"నానమ్మ నే మాచిస్ నహీ జలాయా, పాపా. ఝూఠ్ మత్ బోలో."

నానమ్మ అగ్గిపుల్ల గీయలేదని, అబద్ధం చెప్పొద్దని తండ్రితో అంది.

పిల్లికి భయపడి తలుపు వేయడం ఏ ఇంట్లోనైనా జరుగుతుంది. అలాంటి రోజు కోసమే ఆ ముసలావిడ గోడకు కన్నం కొట్టించుకుంది. దాన్ని పూడ్చి, వెనక బకెట్లు పేర్పించి, ఇప్పుడు కన్నం లేకపోవడం ఆమె తప్పని చెప్పమంటున్నారు. అదీ ఆమె కన్నకొడుకు నోటితో. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చాలా విచారణలు చూశాను. చచ్చిపోయిన మనిషి తిరిగి మాట్లాడదు కాబట్టి తప్పును ఆ మనిషి మీద వేయడం అన్నిటికంటే సులువు. మా అత్త బతికుండగా ఎవరూ ఆమె ముందు ఆ పని చేయలేకపోయేవారు.

పోయిన గురువారం బావ నాతో కలిసి ఆ అధికారి ఆఫీసుకు వచ్చాడు. తలుపు తనే మూశానన్న మాటతోనే మొదలుపెట్టాడు. తరవాత కన్నం గురించి చెప్పాడు, ఇంటాయన ఏం చెప్పమన్నాడో చెప్పాడు. అధికారి రెండుసార్లు మధ్యలో ఆపబోయాడు. బావ ఆగలేదు.

ఈ శుక్రవారం పదకొండు గంటలకు అధికారి మళ్ళీ వస్తాడు. జుగ్సలాయి వ్యాపారి బకెట్లు తీయించి గది తాళం తెరవాలి. మేస్త్రీ ఆ వైపు నుంచి గోడ కొడతాడు. సిమెంటు వెనక ఇనుపవల ఉందో లేదో అందరి ముందూ చూస్తారు.

అదే రోజు, అత్త పోయిన పదకొండో రోజున, పెదకర్మ. తేదీ మార్చమని అడిగితే సాహెబుకు ఇంకో రోజు ఖాళీ లేదన్నారు. బావ చుట్టాలందరికీ ఫోన్లు చేస్తున్నాడు. "భోజనాలు ఒంటిగంట దాటినాకే. పదకొండింటికి మాత్రం అందరూ గోడ కాడికి రావాల."