తెగిన కూత

బ్లెస్సీ పేరు చెబితే దివిసీమలో ఒకప్పుడు కబడ్డీ ఆడిన ఆడపిల్లలు ముందు తమ చీలమండలు తడుముకుంటారు. అలాంటి పట్టు ఆమెది. మోకాలు చెడి ఆట మానేశాక కోడూరు దగ్గర ఒక ప్రైవేటు బడిలో పిల్లలకి ఆటలు నేర్పుకుంటూ ఉండిపోయింది. ఉండిపోయిందే గానీ ఊరుకోలేదు. ముప్పై ఏళ్ళు నిండుతుండగా రిఫరీ రాత పరీక్ష రాసి పాసయింది.

పాసయితే అయిపోతుందా? అక్కడే ఉంది చిక్కంతా. ఒక సీనియర్ రిఫరీ వెంట పది టోర్నమెంట్లు తిరగాలి. ఆయన ఎలా నిలబడతాడో, ఎప్పుడు ఈల ఊదుతాడో చూసి నేర్చుకోవాలి. చిన్న మ్యాచుల్లో ఆయన కళ్ళెదుట రిఫరీగా నిలబడాలి. చివరికి ఆయన "ఈ మనిషి పనికొస్తుంది" అని రాసి సంతకం పెడితేనే పై పరీక్షకి పిలుపు.

ఆ సంతకం పెట్టాల్సిన మనిషి బందరు నాంచారయ్య మాస్టారు. డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారు, ముప్పై అయిదేళ్ళుగా రిఫరీ. ఏ ఊళ్ళో పోటీ పెట్టినా "మాస్టారు వస్తున్నారా?" అని అడిగిగానీ జట్లు పేర్లిచ్చేవి కావు. ఆయన చెప్పాక ఎంత మొనగాడైనా నోరెత్తడు. అదీ ఆయన పేరు.

మొదటి రోజే బందరులో ఆయన ఖచ్చితంగా చెప్పేశారు. "చూడమ్మాయ్, ఆటని చూడకు, నన్ను చూడు. ఆట చూడాలంటే ఆ జనంలోకెళ్ళి కూర్చో, పల్లీలు కూడా అమ్ముతున్నారు."

బ్లెస్సీ అలాగే చూసింది. చిన్న పుస్తకం పెట్టుకుని రాసుకుంది. మాస్టారు ఈలకంటే ముందు కాలు కదుపుతారు. గొడవకొచ్చిన కెప్టెన్ మీదికి వెళ్ళరు, అతను వచ్చేదాకా నిలబడతారు. తప్పు చెప్పానేమోనని మొహంలో ఒక్క గీత కూడా కనబడనివ్వరు. అన్నిటికంటే ఆమెకి గొప్పగా తోచింది ఒకటుంది. కూతకొచ్చిన రైడరు అవతలి కోర్టులో ఉన్నంతసేపూ ఒకే ఊపిరిలో "కబడ్డీ, కబడ్డీ" అంటూనే ఉండాలి కదా, ఆ కూత తెగితే అవుటే కదా. మాస్టారు ఆ కూత సాగుతోందో లేదో రైడరు గొంతుకేసి చూసి పట్టేసేవారు! ఆ మాట కింద బ్లెస్సీ రెండు గీతలు గీసుకుంది.

ఆ గీతలే కొంప ముంచాయి.

గుడివాడలో ఆడపిల్లల మ్యాచికి ఆమెని నిలబెట్టారు. బ్లెస్సీ కళ్ళు రైడరు గొంతు మీదనే. ఆ పిల్ల కాలు వెనక గీత దాటి బయట పడింది. చుట్టూ ఉన్న రెండొందల మందికీ కనబడింది, ఒక్క బ్లెస్సీకి తప్ప. "కళ్ళెక్కడ పెట్టుకున్నావమ్మా, ఇంట్లో పెట్టొచ్చావా!" అని ఒకటే అరుపులు. సిగ్గుతో ఆమె చెవులు మండిపోయాయి.

మ్యాచి అయ్యాక మాస్టారు చెడామడా తిట్టారు. "కాళ్ళు చూడాలి, కాళ్ళు! కూత వినేదానికి చెవులున్నాయిగా? గొంతెందుకు చూశావు?"

"మీరు చూస్తారు కదండీ" అంది బ్లెస్సీ.

 మాస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అటు తిరిగిపోయారు.

తిరుగు బస్సులో ఆమె ఆయనకి ఎడమ పక్కన కూర్చుంది. "పామర్రులో దిగి టీ తాగుదామాండీ?" అని అడిగింది. "అవునవును, వడ్లు ఈసారి బాగానే పండాయి" అన్నారు మాస్టారు కిటికీలోంచి చూస్తూ. నవ్వొచ్చింది బ్లెస్సీకి. మరుక్షణం ఆ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆయన గొంతు చూసేది నేర్పు కాదు. ఆయనకి వినబడటం లేదు.

ఇంటికెళ్ళి తల్లితో చెప్పింది. దయామణి చేస్తున్న పని ఆపి కూతురి కళ్ళలోకి చూసింది. "పెద్దాయన పరువు తీస్తావుటే? పైగా సంతకం పెట్టాల్సింది ఆయన. నోటికాడ కూడు కాలదన్నుకోకు. మనకెందుకొచ్చిన గోల, తెలియనట్టు ఊరుకో."

ఊరుకుంది. పాపం, తల్లి చెప్పిందని ఊరుకుందా అంటే అదీ కాదు. మాస్టారంటే ప్రేమ ఉంది, సంతకం మీద ఆశా ఉంది. రెండూ కలిసి నోరు కట్టేశాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తనకి తెలిసిన సంగతి తెలియనట్టే అయిదు నెలలు ఆయన వెంట తిరిగింది. రైడరు మొహం ఇటుంటే మాస్టారికి తిరుగులేదు. వీపు ఇటుంటేనే ముప్పు. అప్పుడు కూత తెగినా ఆయన గమనించక పాయింటిచ్చేసేవారు. అలాంటివి నాలుగయ్యాయి. నాలుగుసార్లూ ఆమె తల దించుకుంది.

పదో టోర్నమెంటు కోడూరులోనే పడింది. ఫైనల్లో కోడూరు మీద పెదపారుపూడి. కిందటేడు ఇదే ఫైనల్లో కుర్చీలు లేచాయి, అప్పటి రిఫరీ ఎవరి ఇంట్లోనో దాక్కుని ఆఖరి బస్సుకి బయటపడ్డాడు. అందుకే ఈసారి పట్టుబట్టి మాస్టారిని పిలిపించారు. ఒక పక్క మాస్టారు, ఎదుటి పక్క అంపైరుగా బ్లెస్సీ. మాట తేడా వస్తే మాస్టారిదే ఆఖరి మాట.

పొద్దు వాలుతోంది. అర నిమిషం ఆట మిగిలింది. పెదపారుపూడి ఇరవై ఎనిమిది, కోడూరు ఇరవై ఏడు. కోడూరు రైడరు రాము ఆఖరి కూతకి వెళ్ళాడు.

వెళ్ళినవాణ్ణి ముగ్గురు ఒక్కసారిగా పట్టేశారు. బోర్లా పడ్డాడు. వీపు మాస్టారి వైపు, మొహం బ్లెస్సీ వైపు. ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ నడి గీతకేసి పాకుతున్నాడు. గీతని తాకితే ముగ్గురూ అవుటు, కప్పు కోడూరుది. మైకు హోరు, జనం హోరు. ఆ హోరులో బ్లెస్సీ మోకాళ్ళ మీద కూలబడి చెవి ఒగ్గింది. "కబడ్డీ... కబడ్డీ... కబ్... అమ్మా!" అంతే. ఆ తర్వాత ఒగర్పే తప్ప కూత లేదు. చెయ్యి ఇంకా గీతకి రెండు జానల దూరంలోనే ఉంది. ఊపిరి పీల్చుకుని మరీ పాకి, రాము గీతని తాకాడు.

మాస్టారు ఈల ఊది మూడు వేళ్ళు చూపించారు.

ఊరు ఊరంతా ఎగిరింది.  బ్లెస్సీ పని అడకత్తెరలో పోకచెక్క అయింది. చెయ్యెత్తితే సొంత మండలం వాళ్ళు బతకనివ్వరు, మాస్టారి ముప్పై అయిదేళ్ళ పేరు మట్టిలో కలుస్తుంది, సంతకం సంగతి సరేసరి. ఎత్తకపోతే అయిదో కూత కూడా తన ఖాతాలోనే పడుతుంది. రాముని పట్టిన పెదపారుపూడి కుర్రాడొకడు నేల మీద కూర్చుని తన చేతులకేసి చూసుకుంటున్నాడు. ఆ చేతుల్లో తప్పేమీ లేదని ఆ మైదానం మొత్తంలో ఆమెకొక్కతెకే తెలుసు.

చెయ్యెత్తింది.

"చెయ్యి దించమ్మా!" మైకులోనే అరిచాడు పోటీలు నడిపే పోతయ్య. "నువ్వసలు మన మండలం పిల్లవేనా?"

మాస్టారు నడిచి వచ్చి ఆమెకి సరిగ్గా ఎదురుగా, పెదాలు కనబడేలా నిలబడ్డారు. "ఏంటి?"

"కూత తెగిందండీ. గీతకి రెండు జానల అవతలే. అమ్మా అన్నాడండీ."

మాస్టారు ఆమె మొహంలోకి చూశారు. ఆ చూపు తట్టుకోవడం బ్లెస్సీ వల్ల కాలేదు, అయినా తల దించుకోలేదు. ఆయన రాము వైపు తిరిగారు. "ఏరా, అన్నావా?"

"మీరు పాయింటిచ్చేశారు కదండీ" అన్నాడు రాము, నేలకేసి చూస్తూ.

మాస్టారు పోతయ్య చేతిలోంచి మైకు తీసుకున్నారు. "కూత తెగింది. రాము అవుటు. పాయింటు పెదపారుపూడికి."

ఇక చూడండి. జనం గీతలు దాటి లోపలికి వచ్చేశారు. "మూడు వేళ్ళు చూపించి ఇప్పుడు మాట మారుస్తావా!" అంటూ ఒక కుర్చీ గాల్లోకి లేచింది. మాస్టారు అడుగు వెనక్కి వెయ్యలేదు, బ్లెస్సీకి అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"నేను చూపించింది తప్పు" అన్నారు. "నా ఎడమ చెవి పోయి రెండేళ్ళయింది. కుడిది సగం. ఎవరికీ చెప్పలేదు, చెబితే మీరు పిలవరని. ఈ అమ్మాయి విన్నది నిజం. కొడితే నన్ను కొట్టండి, రండి."

కుర్చీ ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. "అన్నానండీ" అన్నాడు రాము మెల్లగా. "ఊపిరందలేదండీ." ఆ మాటతో జనంలో వేడి దిగిపోయింది. తిట్టుకుంటూనే గీతల అవతలికి వెళ్ళారు. మిగిలిన కాసేపు ఆట బ్లెస్సీ ఈలతోనే ముగిసింది.

పందిరి వెనక మాస్టారు ఒంటరిగా కూర్చున్నారు. బ్లెస్సీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేసింది. "నా మూలంగా మీ పేరు పోయిందండీ."

"నా పేరు సంగతి అవతల పెట్టు. నీకెప్పట్నించి తెలుసు?"

"గుడివాడ నుంచండీ."

"అయిదు నెలలు!" మాస్టారి గొంతు లేచింది. "అయిదు నెలలు పక్కనే ఉండి నాతో ఒక్క ముక్క చెప్పలేదా? నన్ను కాపాడుతున్నాననుకున్నావా? ఎన్ని పోయాయి?"

"నాలుగండీ."

"ఎవరివి? చెప్పు."

బ్లెస్సీ ఒక్కొక్కటే చెప్పింది. మూడు మగపిల్లల మ్యాచులు. ఇక నాలుగోది. "నాగాయలంక ఆడపిల్లలదండీ. సుమతి అనే అమ్మాయి రైడరు నడుం పట్టేసింది. కూత తెగాకే రైడరు విడిపించుకుని గీత తాకింది. సుమతి వదిలేసిందని జట్టంతా దాన్నే ఆడిపోసుకున్నారు. అది ఆట మానేసిందటండీ."

 మాస్టారు లేచి చొక్కాకి అంటిన మట్టి దులుపుకున్నారు. "సంతకం తర్వాత చూద్దాం. తప్పు చెప్పింది నేను, తెలిసి ఊరుకుంది నువ్వు. బండి తియ్యి."

అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. తలుపు తీసింది సుమతే. గుమ్మంలో ఇద్దరు రిఫరీలని చూసి బిత్తరపోయింది. మాస్టారు బ్లెస్సీ వైపు చూశారు.

"నీ పట్టు జారలేదమ్మా" అంది బ్లెస్సీ. "ఆ రోజు ఆ రైడరు కూత తెగింది. నేను విన్నాను."