ఉలికి కట్టిన ఎర్రదారం

ఊరికే ఇచ్చేవాళ్లంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. సూరత్ ఉధ్నాలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పదిహేనేళ్లు బట్ట నేసినవాడికి ఆ మాత్రం అనుమానం లేకపోతే బతకలేడు. ఒకసారి సాంచెలు మరమ్మతు చేసే మేస్త్రీ అడక్కుండానే నా సాంచెలు బాగుచేసి, పైగా చాయ్ తాగించాడు. నెల తిరిగేసరికి వాటి మీద వాడి బావమరిది నిలబడి ఉన్నాడు. నేను ఇంకో కార్ఖానా వెతుక్కున్నాను. గొర్రె కసాయివాణ్ని నమ్మినట్టు నమ్మానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

అందుకే మొదటి లాక్‌డౌన్ ఎత్తేశాక, మా గల్లీ చివర చెక్కపని చేసే కాకా "రా, నేర్పిస్త" అన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఈయనకు నాతో ఏం పని అనుకున్నాను. సాంచెలు అప్పుడు ఒక్క షిఫ్టే నడుస్తున్నాయి. మళ్లీ మూతబడితే ఏం తినాలన్నదే మా ఆలుమగల బెంగ. ఇంకో పని చేతికి రాకపోతే సూరత్‌లో మాకు చోటు లేదు, ఊళ్లో అంతకన్నా లేదు.

కాకా గుజరాతీ వడ్రంగి, డెబ్బైకి దగ్గరపడ్డవాడు. తలుపులకు, ఇళ్లలో పెట్టుకునే దేవుడి మందిరాలకు తీగలూ పూలూ చెక్కేవాడు. ఆయన మాట్లాడింది గుజరాతీ కలిసిన హిందీ, కానీ నా చెవిలో ఆ మాటలు మా తెలుగుగానే మిగిలాయి. ఆయన దగ్గరి పనివాళ్లలో ఇద్దరు తప్ప అందరూ సొంతూళ్లకు పోయి తిరిగి రాలేదు.

"చేతులు తక్కువపడ్డయి, గందుకే నిన్ను పిలుస్తండు. ఉట్టిగ ఎవలు నేర్పిస్తరు? జర పైలం," అంది మా ఆవిడ.

షిఫ్టు లేని పూట పోయాను, పైలంగానే పోయాను. కానీ పట్టుకుందామంటే ఆయనలో తప్పు దొరకదే. పనితనం ఉన్న ఏ మేస్త్రీ అయినా అసలు కిటుకు దగ్గరికి రాగానే వీపు తిప్పుకుంటాడు. కాకా మాత్రం చెక్కనే నా వైపు తిప్పేవాడు. టేకు చారలు ఎటు పోతున్నాయో నా వేలు పట్టుకుని వాటి వెంట నడిపించేవాడు. ఒకరోజు గిరాకీకి ఇవ్వాల్సిన తలుపు మీద నా చేయి జారి పూరేకు ఊడిపోయింది. ఆయన ఉలి తీసుకుని, ఆ విరిగిన చోటే చిన్న మొగ్గ తీశాడు. చూసినవాళ్లెవరూ అది తప్పనుకోరు. మంచితనం ఇంత నున్నగా ఉంటే లోపల ఏదో ఉండి తీరాలని నాకు అనుమానం ఇంకా ముదిరింది.

ఆ ఏదో సాయంత్రాలు కనిపించింది. ఆయన మాట మీదే నేను బజార్లో నాలుగు కొత్త ఉలులు కొనుక్కున్నాను. పొద్దుగూకగానే కాకా వాటిని అడిగి పుచ్చుకునేవాడు. "ఈడ పెట్టి పో, నూరి పెడత." అన్నీ నేర్పే మనిషి నూరడం మాత్రం ఎందుకు నేర్పడు? నా పనిముట్లు ఆయన దగ్గరెందుకు పడుకోవాలి? రెండు వారాలు ఆలోచించి, కార్ఖానా నుంచి కాస్త ఎర్రని పేకదారం తెచ్చాను. ఒక్కో ఉలికీ పిడి, ఇనుము కలిసే చోట నాలుగు చుట్లు చుట్టి మా నేతగాళ్ల ముడి వేశాను. ఇనుమును పిడి నుంచి ఊడదీయాలంటే ఆ దారం విప్పక తప్పదు. తెగిన పోగులు అతికే ముడి అది, రోజుకు వందసార్లు వేసే మాకు తప్ప ఇంకెవరికీ అంత చిన్నగా రాదు. కాకా ఆ దారం చూశాడు, ఏమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాలి కదా, ఈయన తడుముకోలేదు.

ఆ తర్వాత నా పని బాగుపడింది. ఉలి చెక్కలోకి తేలిగ్గా దిగేది, రేకుల అంచులు చిట్లడం మానేశాయి. నా చేయి తిరిగిందని మా ఆవిడ ముందు గొప్పలు పోయాను. దారాలు రోజూ ఉన్నచోటే ఉండేవి. ముడులు వేలితో తడిమి చూసుకునే అలవాటు కూడా నెమ్మదిగా పోయింది.

మరుసటి ఏడాది ఎండలు ముదరకముందు, ఒక మధ్యాహ్నం బొటనవేలికి ఏదో గట్టిగా తగిలింది. చూస్తే ముడి. చిక్కుడుగింజంత ఉంది. నాది కాదు. మిగతా మూడూ చూశాను, అవీ నావి కావు. ఇనుము తిప్పి చూస్తే పాతది, నల్లబడింది, నూరి నూరి పొట్టిగా అయింది. నా కొత్త ఇనుము తీసుకుని అరిగిపోయింది అంటగట్టడమే కాక, నన్ను మభ్యపెట్టడానికి దారం కూడా తిరిగి కట్టాడన్నమాట. ఒళ్లు మండిపోయింది.

పనివాళ్లిద్దరూ వింటుండగానే అడిగాను. "నా ఉలులు ఏడున్నయి కాకా?"

ఆయన లేచి లోపలికి వెళ్లి, నూనెగుడ్డలో చుట్టిన నా నాలుగు ఇనుములూ తెచ్చాడు. నా కళ్లముందే పాతవి పిడుల్లోంచి ఊడగొట్టి నావి బిగించాడు. దారం చుట్టి, కళ్లకద్దుకుని ఇచ్చాడు. ఏం నాటకం అనుకున్నాను. "దొంగ ఎక్కడైనా దొంగే," అని నాలో నేను అనుకున్నట్టు ఆయనకు వినపడేలా అని బయటికి వచ్చాను.

ఇంట్లో ఒక టేకు ముక్క ముందేసుకుని కూర్చున్నాను. గంట గడవకముందే ఉలి అంచు మడతపడింది. నూరాను, మళ్లీ మడతపడింది. తిరిగి ఇచ్చేముందు కాకా ఏదో చేసి చెడగొట్టాడని మా ఆవిడా నేనూ తీర్మానించుకున్నాం. అదే దుకాణానికి పోయి అదే రకం కొత్తది తెచ్చాను. అదీ మడతపడింది. అనుమానం పెనుభూతం అంటారు, ఆ భూతానికి కూడా ఇక నిలబడే చోటు లేకపోయింది. మెత్తని ఇనుము బజారుది. ఇన్ని నెలలు నా చేయి తిరిగిందనుకున్నది ఆయన ఇనుము చలవ.

మర్నాడే పోయాను, షట్టర్ దించి ఉంది. రోజూ పోయాను. నా ముఖం చూడకూడదనే మూశాడనుకున్నాను. పదో రోజు పక్క కొట్టువాడు మాస్కులోంచి చెప్పాడు, ఇంటిల్లిపాదికీ జ్వరమని. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. నేనన్న ఆ "దొంగ" మాట ఆయన చెవిలోనే మిగిలిపోతుందేమోనని భయం.

షట్టర్ లేచిన రోజు కాకా సగమై కూర్చుని ఉన్నాడు. ముందున్న పీట మీద ఆ నాలుగు పాత ఉలులు, కొత్త పిడులతో.

"తప్పయింది కాకా," అన్నాను.

"నీది కాదు బిడ్డా, నాది. ఇవి మా గురువువి. గురువు ఉలి అని చెప్తే నువ్వు భయపడుతవు. భయపడే చెయ్యి లోతుకు దిగది. అందుకే చెప్పకుంట మార్చిన." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "గని నీ దేవుని దారం నా చేతులతోటి ఇప్పిన. అదీ నిన్ను అడగకుంట. నీకు కోపం గందుకే వచ్చిందని జ్వరంల తెలిసింది నాకు. ఏ దేవునిది అది?"

ఇది నిన్ను పట్టుకోవడానికి కట్టిన దారమని చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను.

"మా రాజన్నది," అన్నాను.

ఆయన తల ఊపి, పెట్టెలోంచి తన ఉలులన్నీ తీశాడు. అన్నింటికీ దుకాణంలో కొన్న ఎర్రదారం చుట్టి ఉంది. "మీ ముడి నాకు వస్తలేదు. ఊకె ఊడుతంది. నువ్వే కట్టు," అన్నాడు.

కింద కూర్చుని ఒక్కొక్కటే కట్టాను. ఒక్కో ముడి పూర్తయినప్పుడల్లా ఆయన ఉలి అందుకుని కళ్లకద్దుకున్నాడు. నేను తల ఎత్తలేదు. తర్వాత వెంట తెచ్చుకున్న నా నాలుగు ఉలులకు కూడా ఆయన ముందే కట్టాను, ఈసారి కళ్లకద్దుకున్నాను.