చిలకపచ్చ చీర మీద నేతి మరక

మా చిన్నవాడికి ఏడాదిన్నర వయసు. ఆ రోజుల్లో వాణ్ణి చంకనేసుకుని ఎక్కడికైనా వెళ్ళి రాగలననీ, పిల్లలున్నారని పనులు మానుకునేవాళ్ళది ఒట్టి బద్ధకమనీ నాకు గట్టి నమ్మకం. (ఆ నమ్మకం రాజమండ్రిలో ఒక బట్టల షాపు మేడ మీద, భోజనాల వేళకి ముందే అంతరించింది.)

సంగతేమిటంటే, ఆ పై నెలలో సామర్లకోటలో మా మామగారి షష్టిపూర్తి. అత్తగారికి పట్టుచీర కొనే బాధ్యత నా మీద పడింది. ఆవిడకి చీర కొనడం ఎవరైనా చేస్తారు, దాన్ని ఆవిడ దగ్గర నిలబెట్టడమే ఎవరివల్లా కాలేదు. తోటికోడలు కొన్నవీ, ఆడపడుచు కొన్నవీ అన్నీ "రంగు బాగుంది కానీ, నాకు నప్పదమ్మా" అనే ఒక్క మాటతో షాపుకి తిరిగి వెళ్ళినవే. ఈసారి నేను కొన్న చీర కట్టుకునే ఆవిడ పీటల మీద కూర్చోవాలని పంతం పట్టాను. ఆవిడకి ఒక బెంగ కూడా ఉండేది. మావాడు ఆవిడ కళ్ళజోడు చూస్తే చాలు, జడుసుకుని ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు. "నేనేమైనా బూచినా ఏంటిరా?" అని నవ్వేసేవారు గానీ, ఆ నవ్వు చూస్తే నాకే బాధేసేది.

"మీ అత్తయ్యగారికాండి?" అన్నారు రాజమండ్రి షాపు షావుకారుగారు నన్ను చూడగానే. తర్వాత చీరలు చూపించే ఆయన వైపు తిరిగి, "మడతలు నలక్కుండా చూపించవయ్యా, మళ్ళీ మనకే వస్తుంది" అన్నారు.

మావాడు ముందు పరుపు మీద పరిచిన చీరల మీద జారుడుబల్ల ఆడాడు. తర్వాత చీర కట్టిన బొమ్మ చెయ్యి పట్టుకు లాగితే అది ఊడి వచ్చింది. ఊడిన చేత్తో, పక్కనే చీరలు చూసుకుంటున్న పెళ్ళివారి పెద్దావిడ వీపు గోకాడు. ఆవిడ పెట్టిన కేకకి కింది అంతస్తు వాళ్ళు కూడా పైకి వచ్చారు. ఇక లాభం లేదని సంచిలోంచి పూతరేకు తీసి వాడి చేతిలో పెట్టాను. (పట్టుచీరల మధ్య నేతి పూతరేకు ఇస్తారా ఎవరైనా అని అడగకండి. ఆ నిమిషంలో అడిగితే గోదావరి బ్రిడ్జి కూడా ఇచ్చేసేదాన్ని.)

రెండు చీరల్లో ఏదో తేల్చుకుని పక్కకి చూస్తే పిల్లాడు లేడు! షావుకారుగారు షట్టరు దింపమని కేకేశారు. పెళ్ళివారు మెట్లకి అడ్డంగా నిలబడ్డారు. నేను ఏడుపు లంకించుకునేలోపు, నా ఎదురుగా ఉన్న చీరల గుట్ట తుమ్మింది.

గుట్ట తీస్తే లోపల మావాడు, చిలకపచ్చ చీర ఒంటికి చుట్టుకుని, దాని కొంగుతో మూతి తుడుచుకుంటున్నాడు. ముద్దులన్నీ అయ్యాక కొంగు చూశాను. రూపాయి బిళ్ళంత నేతి మరక. షావుకారుగారు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, ఎంతో మర్యాదగా, "ఇది మాత్రం వెనక్కి తీసుకోలేమండి" అన్నారు. మా అత్తగారికి నప్పని రంగుల్లో మొదటిది చిలకపచ్చే.

సామర్లకోట దాకా రైల్లో గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అత్తగారు చీర భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడ్డారు. "రంగు బాగుంది కానీ..." అన్నారు. తోటికోడలు నా వైపు జాలిగా చూసింది. మరక సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇంతలో మావాడు నా చంకలోంచి జారి, తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి ఆ కొంగు పట్టుకుని, అందులో మొహం దాచుకున్నాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి, మెల్లగా వంగి ఎత్తుకున్నారు. వాడు కళ్ళజోడు పీకాడు గానీ ఏడవలేదు.

"రంగు బాగుంది కానీ, జాకెట్టు ఎవరి చేత కుట్టిద్దాం?" అన్నారు అత్తగారు.

ఆ వారమే చీరకి ఫాల్ కొనడానికి షాపుకి వెళ్ళాను. షావుకారుగారు అలవాటు కొద్దీ నా సంచి కోసం చెయ్యి చాపారు. "చీర వాపసు రాలేదండి! ఫాల్ ఇవ్వండి" అన్నాను. ఎన్నికల్లో నెగ్గినవాళ్ళు కూడా అంత గట్టిగా మాట్లాడి ఉండరు.

షష్టిపూర్తి రోజున నేను కుచ్చిళ్ళు సర్దుతుంటే ఆవిడ నా చెవి దగ్గరకి వంగి, "నేతి వాసన నాకు తెలీదనుకున్నావేంటే?" అన్నారు. సర్దిన కుచ్చిళ్ళు కాస్తా వదిలేశాను. "డ్రై క్లీనింగ్‌కి ఇవ్వకు. ఆ మరక ఉన్నంతకాలం వాడు నా దగ్గరికొస్తాడు" అన్నారు. ఆవిడ మీద నాకు అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఇప్పుడు మావాడికి షాపింగ్ అంటే విసుగు. ఫోన్లో తలదూర్చి మెట్ల మీదే కూర్చుంటాడు. నేను ఎంతసేపైనా నిమ్మళంగా చీరలు చూసుకోవచ్చు. మొన్న అలా చూసుకుంటుంటే ఎదుటి గుట్ట కొంచెం కదిలినట్టనిపించింది. చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళి పూతరేకు కోసం వెతికింది. తీరా చూస్తే ఫ్యాను గాలి. నాలో నేనే నవ్వుకుని, ఇంకాసేపు ఆ గుట్ట వైపే చూస్తూ కూర్చున్నాను.