తోవ చూసి సైకిల్ ఇచ్చిన చాచా

సోమవారం పొద్దున కోరుట్ల పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేస్తుండగా జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. సైకిల్ చాచా దుకాణం పక్కన బట్టలు కుట్టే ఆయన చేశాడు. "చాచా పోయిండమ్మా. నమాజ్‌కు లేచి వజూ కోసం కాళ్లు చేతులు కడుక్కుంటనే కూలవడ్డడు. పగటి జోహర్ నమాజ్ అయినంక మట్టి చేస్తరు," అన్నాడు. చేతిలో ఉన్న ఉత్తరాల కట్ట ఏ ఊరిదో మర్చిపోయి తప్పు అరలో పెట్టాను. మళ్లీ తీసి సరైన చోట పెట్టి, నా పని ఇంకొకరికి అప్పజెప్పి, సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆయనకు నేను చుట్టాన్ని కాను. పదేళ్ల కింద ఆయన దగ్గర పది రోజుల తేడాలో రెండు సైకిళ్లు తీసుకున్నదాన్ని, అంతే. మొదటిది తప్పు సైకిల్. ఇవాళ నేను తింటున్న అన్నం రెండోదాని పుణ్యం. ఆ సంగతి పదిమందికీ చెప్పకపోతే నా మనసు ఊరుకోదు, అందుకే రాస్తున్నాను.

జగిత్యాల పాత బస్టాండు దాటి చిన్న గల్లీలోకి తిరిగితే రేకుల దుకాణం. దానికి బోర్డు లేదు. చాచా ఆరడుగుల మనిషి, తెల్ల గడ్డం, గ్రీజు మరకల లుంగీ. కుర్చీ ఉన్నా కూర్చునేవాడు కాదు, బోర్లించిన నూనె డబ్బా మీదే కూర్చునేవాడు. ఎవరైనా వచ్చి సైకిల్ ఎంత అని అడిగితే ధర చెప్పేవాడు కాదు. టైరును బొటనవేలితో నొక్కుతూ "పోయేది ఏడికి?" అని అడిగేవాడు. పనికి పోయేవాళ్లయితే ఇక వదిలేవాడే కాదు. ఏ తోవన పోతావు, ఎన్నింటికి పోతావు, ఏం మోసుకుపోతావు, అక్కడ సైకిల్ నీడన పెడతావా ఎండన పెడతావా అని పోలీసు కన్నా ఎక్కువ ప్రశ్నలు వేసేవాడు. అంతటితో ఆగకుండా, వాళ్లు పనికి పోయే వేళకే వాళ్ల వెంట ఆ తోవంతా ఒకసారి తొక్కి వచ్చేవాడు. ఆ తర్వాతే బేరం. పిల్లను చూడబోయినట్టు చాచా తోవ చూడబోతడని ఊరంతా నవ్వేది.

"సైకిల్ మనిషికి కాదు బేటీ, తోవకు కొనాలె." ఆ మాట ఆయన నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

బ్యాంకులో పనిచేసే ఒకాయన లావు టైర్ల గేర్ సైకిల్ కావాలని పట్టుబట్టాడు. ఇంటికీ బ్యాంకుకూ మధ్య కూతవేటు దూరం. చాచా తొక్కి వచ్చి, గేర్లు మార్చడానికి గుట్ట ఉండాలి కదా సారూ, నీ తోవలో స్పీడ్ బ్రేకర్ తప్ప ఏమున్నది అని మామూలు సైకిల్ చేతిలో పెట్టి పంపాడు. ఆయన ముఖం మాడ్చుకునే వెళ్లాడు. కొండగట్టు వైపు ఎత్తు ఎక్కి బడికి పోయే టీచరుకు మాత్రం, ఆయన వద్దన్నా వినకుండా, గేర్ సైకిలే అంటగట్టాడు. మోకాళ్లను ముసలితనానికి దాచుకోమని చెప్పాడట. ఆ టీచరు రిటైరయ్యాక కూడా దాన్ని అమ్మలేదు.

ఇక నా సంగతి. మాది సిరిసిల్ల. బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. నాకు మల్యాల తోవలో, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఊరిలో ఉత్తరాలు పంచే ఉద్యోగం వచ్చింది. జగిత్యాలలో అద్దె గదిలో ఉంటూ, పొద్దున్నే సంచి తీసుకుని ఆ ఊరికీ దాని చుట్టూ ఉన్న మూడు పల్లెలకూ తిరగాలి. బస్సు రోడ్డు మీదనే దింపేసి పోతుంది. నడిస్తే సగం ఉత్తరాలు సంచిలోనే మిగిలిపోతాయి. బాపుకు నన్నొక్కదాన్నీ అంత దూరం పంపడం ఇష్టం లేదు. నెల రోజులు చూస్తానని, కుదరకపోతే ఇంటికొచ్చి అమ్మతోపాటు కండెలు చుట్టుకోవాలని కచ్చితంగా చెప్పాడు. సాంచాల మోతలో కూర్చుని పొద్దంతా నూలు చుట్టడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మళ్లీ అక్కడికి పోకూడదన్నదే నా పట్టుదల.

చాచా నా తోవ కూడా చూశాడు. కాకపోతే పొద్దున ఆరింటికే వెళ్దామన్నాడు. నేను పోయేది ఎనిమిదిన్నరకు అని చెప్పినా, చల్లగా ఉన్నప్పుడే పోయొద్దామన్నాడు. సంచి కూడా తేవద్దన్నాడు. తిరిగొచ్చి, ముందర బుట్ట ఉన్న ఎర్రటి లేడీస్ సైకిల్ ఇచ్చాడు. తేలికగా, ముచ్చటగా ఉంది. నేనూ మురిసిపోయాను.

తొమ్మిదో రోజు కల్వర్టు దగ్గర దిగుడులో పడ్డాను. బుట్టలో సంచి, సంచి మీద పార్సిళ్లు. ముందర అంత బరువుంటే హ్యాండిల్ మాట వింటుందా. నేనొక వైపు, పార్సిళ్లు వరి మడిలో. అందులో ఒక ముసలాయనకు హైదరాబాదు నుంచి వచ్చిన మందులున్నాయి, అన్నీ నానిపోయాయి. పై అధికారి తిట్టాడు, తిట్టడంలో తప్పు లేదు. ఆ దెబ్బల నొప్పిలో బాపుకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు. ఆ రోజు బుధవారం.

నా నోరు మంచిది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని అమ్మ నన్ను చూసే అనేది. ఆ సాయంత్రం సైకిల్ ఈడ్చుకుంటూ దుకాణానికి వెళ్లి, నలుగురు గిరాకీల ముందు ఆయన మీద అరిచాను. "తోవ చూసుడు నీకే వస్తదని అందరు చెప్తరు. ఏం చూసినవు చాచా? నా నౌకరి పోతున్నది." ఇంకా చాలా అన్నాను, అవి రాయలేను. మా బాపు వయసు దాటిన మనిషి. వంగిపోయిన బుట్టను చూసి, సంచి ఎంత బరువుంటుందని మాత్రం అడిగాడు.

మర్నాడు దుకాణం మూసేశాడు. ఆ బుట్టలో ఇసుక సంచి పెట్టుకుని, సరిగ్గా ఎనిమిదిన్నరకు ఎర్రటి లేడీస్ సైకిల్ మీద బయలుదేరాడు. ఆరడుగుల మనిషి, మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతుంటే, లుంగీ ఎగ్గట్టి తొక్కుతూ పోతున్నాడు. రోడ్డు పొడుగునా జనం నవ్వారు. నేను ఆ రోజు బస్సు దిగి నడుస్తూ పల్లెలు తిరుగుతున్నాను. మూడో పల్లె దగ్గర ఎదురుపడ్డాడు, చొక్కా తడిసి ముద్దయింది. మధ్యాహ్నం ఎదురుగాలిలో మళ్లీ అదే తోవన తిరిగి వెళ్లాడు.

సాయంత్రం దుకాణం ముందు నిలబడితే నా ముఖం చూడకుండా చెప్పాడు. "తప్పు నాదే బిడ్డ. నీ తోవను చూడలె, ఆడపిల్లవని చూసిన. నలుగురిల నా ఎంట కనవడితే నీకు బాగుండదని పొద్దుగాల తీస్కపోయిన. ఆడపిల్లవని గా ఎర్రది ఇచ్చిన."

అని, మూలన ఉన్న నల్ల సైకిల్ చూపించాడు. మధ్యలో అడ్డకడ్డీ ఉన్న మగవాళ్ల సైకిల్. వెనక వెడల్పాటి క్యారియర్, పాలవాళ్లు తొక్కేలాంటిది. బరువు వెనక ఉంటే హ్యాండిల్ నిలకడగా ఉంటుంది, గతుకుల్లో ఆ చట్రం వంగదు. ఆ తోవకు అదే సరైనదని నాకూ అర్థమైంది. కానీ జగిత్యాల రోడ్డు మీద కాలెత్తి అది ఎక్కాలంటే ప్రాణం పోయినంత పనైంది. నేనెక్కనని, అందరూ నవ్వుతారని అన్నాను.

"ఇయ్యాల నన్ను చూసి నవ్విండ్రు గద. ఏమైంది? సైకిల్ నడవలేదా?" అన్నాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మగవాళ్లు కాలును వెనక నుంచి తిప్పి ఎక్కుతారు. క్యారియర్ మీద అంత సంచి ఉంటే కాలు వెనక నుంచి తిరగదు. ముందర కడ్డీ దాటదు. ఆ మాటే అడిగితే తల గోక్కుని, శనివారం రమ్మన్నాడు.

శనివారం సాయంత్రం చాచా చేతిలో ఉపాయం ఉంది. సీటు బాగా దించాడు. సైకిల్‌ను నా వైపు వాలేలా వంచమన్నాడు. కడ్డీ మోకాలి ఎత్తుకు వచ్చింది. కుడికాలు ముందర నుంచి మెల్లగా దాటించి, పెడల్ మీద పెట్టి, అప్పుడు సైకిల్‌ను నిలబెట్టమన్నాడు. దుపట్టా చివరలు ముందే నడుముకు ముడేసుకోమని, లేకపోతే కడ్డీకి చుట్టుకుంటుందని కూడా చెప్పాడు. గల్లీలో ఇరవైసార్లు ఎక్కి దిగాను. ఇరవై ఒకటోసారి భయం పోయింది.

ఆదివారం బాపు ఖాళీ సంచి పట్టుకుని వచ్చాడు, నా బట్టలు తీసుకుపోవడానికి. క్యారియర్ మీద ఇసుక సంచి కట్టుకుని ఆయన ముందే నల్ల సైకిల్ ఎక్కి, బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాను. బాపు చాచా పక్కనే నిలబడి చూశాడు. ఇద్దరూ చాయ్ తాగారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. "పైలం బిడ్డ," అని నా తల మీద చెయ్యి పెట్టి, ఖాళీ సంచితోనే సిరిసిల్ల బస్సెక్కాడు.

ఆ తర్వాత ఆరేళ్లు ఆ సైకిల్ మీదే తిరిగాను. పరీక్ష రాసి కోరుట్లకు బదిలీ అయ్యాను, పెళ్లయింది. జగిత్యాల వెళ్లినప్పుడల్లా చాచాను కలిసేదాన్ని, సాసర్లో పోసి ఇచ్చిన చాయ్ తాగేదాన్ని. కానీ ఆ బుధవారం అన్న మాటలకు తప్పయిందని ఒక్కసారి కూడా చెప్పలేదు. రేపు చెప్దాం, మళ్లీ వచ్చినప్పుడు చెప్దాం అనుకుంటూ పదేళ్లు గడిపాను. తప్పు తనదని ఆయన ఒక్క రోజులోనే చెప్పగలిగాడు. నా వల్ల కాలేదు. ఇప్పుడు ఇట్లా కాగితం మీద చెప్పుకుంటున్నాను.

నేను చేరేసరికి జనాజా లేచి శ్మశానానికి వెళ్లిపోయింది. దుకాణం వెనకే ఇల్లు. లోపల ఆడవాళ్లందరూ చాపల మీద కూర్చున్నారు. చాచా భార్య, చాచీ, గోడకు ఆనుకుని ఉంది. ఇన్నేళ్లలో తెర వెనక నుంచి చాయ్ అందించే చెయ్యిగా తప్ప ఆమె నాకు తెలియదు. నేనెవరినో చెప్పబోతుంటే, "పోస్టు పిల్లవు గద," అని పక్కన కూర్చోబెట్టుకుంది. చాచా సైకిల్ ఎక్కడం నేర్పకపోతే నేను ఏనాడో సిరిసిల్ల పోయి కండెలు చుట్టేదాన్నని చెప్పి ఏడ్చాను.

"గంత పొడుగు మనిషికి కడ్డీ దాటుడు ఏం తెలుసు బిడ్డా?" అంది చాచీ. "ఆయిన నాకాడ నేర్చుకున్నడు."

కడ్డీ దాటేదెట్లా అని నేను అడిగిన మర్నాడు, శుక్రవారం నమాజ్ నుంచి వచ్చి, నల్ల సైకిల్‌ను ఇంటి వాకిట్లోకి తెచ్చి తలుపు గడియ పెట్టాడట. వెనక ఇసుక సంచి కట్టి, నువ్వు ఎక్కి చూపించు అని బతిమాలాడట. ముప్పై ఏళ్లు సైకిళ్ల ఇంట్లో ఉండి ఆమె ఏనాడూ సైకిల్ ముట్టుకోలేదు. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. రెండుసార్లు పడింది, మోకాలు చీరుకుంది, దుపట్టా కడ్డీకి చుట్టుకుంది. ఇద్దరూ నవ్వి నవ్వి అలసిపోయారట. సాయంత్రానికి, సైకిల్ వంచితే కాలు దాటుతుందని ఆమెకే తట్టింది. ఆయన నేల మీద కూర్చుని ఆమె పాదాలనే చూస్తూ, మళ్లీ ఎక్కు, మళ్లీ ఎక్కు అన్నాడట, నాకు సరిగ్గా చెప్పాలని.

"ఇగో, ఇట్ల," అంటూ చాచీ లేచింది. పక్కామె పట్టుకోబోతే వద్దంది. దుపట్టా చివరలు నడుముకు ముడేసుకుంది. రెండు చేతులూ ముందుకు చాచి, లేని హ్యాండిల్ పట్టుకుని, లేని సైకిల్‌ను తన వైపు వంచింది. కుడికాలు మెల్లగా ఎత్తి అవతలికి దాటించింది. గదిలో ఏడుపులు ఆగిపోయాయి. ఆమె తలుపు వైపు చూస్తూ, దిగకుండా, చాలాసేపు అట్లాగే నిలబడింది.