బావ బండి వేడెక్కలేదు

మా దిక్కు డ్రైవర్లకు వేడి అంటే ఉన్న భయం ఇంక దేనన్నా లేదు. ఎండాకాలం ముందు బండి ఇంజనులోంచి ఒక చిన్న వాల్వు తీసి పారేయడం ఇబ్రహీంపట్నంలో అందరికీ అలవాటు. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనీయకుండా ఆపేది ఆ వాల్వే. అది లేకపోతే నీళ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, ఇంజను చల్లగా ఉంటుంది, ఇంకేం కావాలి అనుకునేవాళ్లం. ట్రాక్టరు నడిపి నడిపి నాకు రిపేరు పని కొంత వచ్చింది. పొగరు దానికి రెండింతలు వచ్చింది. ఆ ఏడు మా బావ డీజిలు వ్యానుకు కూడా నేనే వాల్వు తీశాను. బావ పక్కన నిలబడి స్పానర్లు అందించాడు.

ఊళ్లలో పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. అక్క తన పేరు మీదున్న అరెకరం అమ్మి ఆ వ్యాను కొన్నది. బావ పొద్దున్నే మీర్‌పేట్ కాలనీల్లో ఉద్యోగుల్ని ఎక్కించుకుని పట్నం అవతలి ఆఫీసుల దగ్గర దింపి వచ్చేవాడు. వానాకాలం వచ్చేసరికి బండి డీజిలు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. అట్లా తాగిందంటే మా దగ్గర ఎవరికైనా మొదట తట్టేది ఒకటే: డ్రైవరు తీసి అమ్ముకుంటున్నాడు. అక్కకూ అదే తట్టింది. బావ పిల్లల మీద ఒట్టు వేశాడు. ఆమె నమ్మలేదు. అన్నం కూడా పిల్లలతోనే పెట్టించేది. నిజం చెప్పాలంటే నాకూ అనుమానం వచ్చింది. బావ ఎదురుపడితే ఏదో పని ఉన్నట్టు తప్పుకునేవాణ్ని.

చలికాలంలో ఇంకా ముదిరింది. పొద్దున స్టార్టు చేస్తే తెల్లపొగ. ఎంత దూరం పోయినా వేడి చూపించే సూది అడుగునే ఉండేది. ఒకరోజు అక్క మా ఇంటికి వచ్చి కూర్చుంది.

"ఈ నెల గూడ గిట్లనే తాగితే బండి అమ్మేస్త తమ్మీ. పిల్లల్ని తీస్కొని ఈడికే వస్త. దొంగతోని సంసారం నాతోని గాదు."

ఆ మాట విన్నాక అక్క సంసారం ఒక బండి పొగలో పోయేటట్టుందని భయం పట్టుకుంది. నాదర్‌గుల్ దగ్గర ఒక ముసలి మెకానిక్ ఉన్నాడని తెలిసి, అక్కడ చూపిద్దామన్నాను. అక్క తానూ వస్తానంది. మొగుడూ మెకానిక్కూ ఒకటైపోతారని ఆమె అనుమానం.

అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవారు. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలని ముందురోజు సాయంత్రమే బండిని అక్కడ పెట్టించుకున్నాడు. తెల్లారి ముగ్గురం పోయాం. ఆయన మొదట సూదినే అనుమానించాడు. దానికి పోయే వైరు పీకి ఇంజను ఇనుముకు తాకించాడు. సూది ఎగిరి పైకి పోయింది.

"సూది అబద్ధం జెప్తలేదు," అన్నాడు.

ఆయిలు మూత విప్పితే లోపల మీగడలాంటి తెల్లటి జిగురు. అంతకుముందు దాన్ని చూసే మా ఊరి మెకానిక్ ఆయిల్లోకి నీళ్లు దిగుతున్నాయని, ఇంజను మొత్తం విప్పాలని చెప్పాడట. ఉస్తాద్ రేడియేటరు మూత తీసి చూశాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి.

"నీళ్లు తగ్గనే లేదు, ఆయిల్లకెట్ల పోతయ్? ఇంజను వేడెక్కక లోపట చెమ్మ పట్టింది, గంతే."

తర్వాత ఇంజను స్టార్టు చేయించి, అక్కడినుంచి రేడియేటరుకు పోయే రబ్బరు పైపు మీద నా చెయ్యి పెట్టించాడు. "వాల్వు మంచిగుంటె పైపు జరసేపు సల్లగనే ఉంటది. ఎన్క ఒక్కసారి కాలుతది. సూడు."

నా చేతి కింద పైపు మొదటినుంచే కొంచెం కొంచెంగా గోరువెచ్చనవుతోంది. అప్పుడు తెలిసింది నాకు. చెయ్యి తీస్తే ముగ్గురికీ తెలిసిపోతుందేమోనని అట్లాగే పెట్టి ఉంచాను.

ఉస్తాద్ ఇంజను ఆపి రెండు బోల్టులు విప్పాడు. వాల్వు ఉండాల్సిన చోటు ఖాళీ.

"ఎవడు తీసిండు గిది? పొద్దుమాపు ఇంజను సలికి వణుకుతుంటె డీజిలు తాగక ఏం జేస్తది?"

"గంత డీజిలు గిందుకే తాగిందా?" అక్క ఉస్తాద్ దగ్గరికి వచ్చింది.

"అవ్, గిందుకే."

ఇన్ని నెలలు బావను చూసిన చూపుతోనే అక్క నన్నూ చూస్తే? బావ నా వైపు ఒక్కసారి చూశాడు. "కొన్నప్పటి సంది లేకుండెనేమో ఉస్తాద్," అన్నాడు.

ఆ మాటతో ఇంక ఆగలేకపోయాను. "నేనే తీసిన అక్కా, ఎండాకాలంల. బావకు గూడ ఎర్కే."

అక్క నన్ను చూడలేదు. బావనే చూసింది. "ఎర్కుండి ఇప్పుడెందుకు అబద్ధం జెప్పినవ్?"

బావ దాచలేదు. "ఇన్నిరోజులు నాతోని ఎట్లున్నవో చూసిన గద. వానితోని గూడ గట్లనే ఉంటవని భయమైంది."

అక్క అక్కడున్న పాత టైరు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బావ పోయి ఆమె పక్కన కూర్చున్నాడు. వాళ్లిద్దరి ముందు నిలబడే మొహం లేక, ఉస్తాద్ అడగకముందే కొత్త వాల్వు తేవడానికి బయల్దేరాను.