హార్డ్ డిస్కులో పోయిన పెళ్లి

తీసేయను. ఎన్నిసార్లు చెప్పాలి? ఫోన్ నిండిపోయిందని గొణిగితే చాలు, నా స్నేహితురాలు ఆ మామిడికాయల వీడియో మీదే పడుతుంది. "ఊగుతది, మధ్యల ఆగుతది, సగం గీతలే. డిలీట్ కొట్టరాదే!" అంటుంది. నిన్న కూడా అదే మాట అంటే ఫోన్ లాక్కుని, చాయ్ సగంలో వదిలేసి వచ్చేశాను. ఆ గీతలు ఎలా వచ్చాయో దానికేం తెలుసు?

ఆ వీడియో భానూర్‌లో మా పెద్దమ్మ ఇంటి పాత కంప్యూటర్‌లో ఉండేది. పెద్దనాన్న కెమెరా కొన్న కొత్తలో కనబడ్డదల్లా తీసి అందులో దాచేవాడు. ఆవకాయ రోజు వాకిట్లో మామిడికాయలు కొడుతున్న మా అమ్మ, పెద్దమ్మ కూతురు మా అక్క పెళ్లి, బర్రె ఈనడం, అన్నీ ఒకే చోట. నేను పెరిగింది హైదరాబాద్‌లోనే అయినా సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిచేవి. అమ్మ పోయేనాటికి నాది మూడో తరగతి. అమ్మ గొంతు వినాలంటే నాకు ఆ ఒక్క వీడియోనే దిక్కు.

కరోనా తర్వాత ఒక రోజు ఆ కంప్యూటర్ మొరాయించింది. పెద్దమ్మ, అక్క, నేను దాన్ని ఆటోలో వేసుకుని పటాన్‌చెరు తీసుకెళ్లాం. రిపేరు షాపు భాయ్ హార్డ్ డిస్కు బయటికి తీసి, తన మెషీన్‌కి తగిలించి, పెదవి విరిచాడు.

"బ్యాడ్ సెక్టార్లు శానా పడ్డయమ్మా. గా జాగల్ల ఉన్నది ఇగ చదవదు. మంచిగున్న కాడికి కాపీ కొడ్త. ఎంతసేపు నడుస్తదో గ్యారంటీ లేదు. ముందు ఏది కావాల్నో జల్దీ చెప్పుండ్రి."

నేను ఊరుకుంటానా? "రిపేర్ పెట్టు భాయ్, గిదో ఎట్ల చేస్తరో సూడు" అని యూట్యూబ్ వీడియో తెరిచి ఫోన్ అతని మొహం మీద పెట్టాను. "అది పెడ్తే ఉన్నది గూడ పోతది. పరేషాన్ చెయ్యకు" అన్నాడు. ఫోన్ వెనక్కి తీసుకున్నాను. పెళ్లి సీడీలు ఎప్పుడో పాడైపోయాయి. అక్క పెళ్లి కూడా ఆ డిస్కులో తప్ప మరెక్కడా లేదు. ఇల్లు వాళ్లది, డిస్కు వాళ్లది. నాది ముందు తియ్యమని ఏ మొహంతో అడగాలి?

అక్కే ముందుకు వంగి, "మామిడికాయలది తియ్యి భాయ్, మా చిన్నమ్మది" అంది.

"మరి నీ పెళ్లిదో?" అంది పెద్దమ్మ.

"నా మొగడు రోజూ కండ్ల ముంగటనే తిరుగుతుండు. మల్ల వీడియోల గూడ సూడాల్నా?"

కాపీ చీమలా కదిలింది, ఆగింది. భాయ్ డిస్కును కాసేపు చల్లారనిచ్చి మళ్లీ పెట్టాడు. చదవలేని చోట్లను వదిలేసుకుంటూ ఎలాగో చివరిదాకా వెళ్లింది. గీతల మధ్య నుంచి అమ్మ గొంతు, కెమెరా పట్టుకున్న పెద్దనాన్న మీద విరుచుకుపడుతూ: "ఏంది బావా, పని లేదా? జెర గా జాడీ అందుకో!" నా కోపం ఎవరి పోలికో ఆ రోజు తెలిసింది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పెళ్లి మొదలుపెట్టగానే డిస్కు టక్కుటక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. భాయ్ ఎంత చూసినా మళ్లీ తిరగలేదు. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. "నా పెళ్లికి నువ్వేడుస్తవేందే? పా, ఆకలైతుంది" అంది.

ఇప్పుడు అక్క కూతురు, అమ్మానాన్నల పెళ్లి వీడియో కావాలని మారాం చేసినప్పుడల్లా అక్క నోటితోనే చూపిస్తుంది. మొదట్లో మా బావ పెళ్లికి ఆటోలో వచ్చాడు. పోయినేడు కారులో వచ్చాడు. మొన్న ఏకంగా గుర్రం మీద దిగాడు.

"గుర్రమా! యాడికెల్లి వచ్చిందే?" అని బావ నోరు తెరిచాడు.

"నువ్వు సప్పుడు చెయ్యకు. చెల్లె సూసింది, అడుగు."

"తెల్ల గుర్రం బావా, మస్తుండె" అన్నాను.

కాలం అన్నిటినీ మింగేస్తుందంటారు గానీ, మా అక్క పెళ్లి మాత్రం ఏడాదికేడాది ఇంకా ఘనంగా జరుగుతోంది. కాదనే ధైర్యం ఎవరికైనా ఉందా?