కుండీల్లో తుంగ

పందొమ్మిదివందల అరవైల మొదట్లో నాకు నాగరికత పట్టుకుంది. నెల్లూరులో ఒక ఆఫీసరు బంగళా ముందు కుండీల్లో తుంగ పెంచడం చూశాను. పొడుగాటి కాడలు, ప్రతి కాడ కొసనా చిన్న గొడుగులా విచ్చుకున్న ఆకులు. తోటమాలిని బతిమాలితే ఒక దుబ్బు చీల్చి ఇచ్చాడు. దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని దొరవారిసత్రం దాకా బస్సులో వచ్చాను. బస్సులో ఉన్న రైతులు నా ఒళ్ళోకి చూసి, ఆ తర్వాత నా మొహంలోకి చూశారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను.

మా నాన్న జన్మంతా వరిమడిలో తుంగ పీకినవాడు.

"నేను పొలంలో పీకేది నువ్వు ఇంట్లో పెంచుతావా? రేపు ఎలకల్ని గూడా పెంచు," అన్నాడు.

"ఇది గొడుగు తుంగ నాయనా, వేరే జాతి."

"కలుపుకి జాతేందిరా."

ఆ నెలలోనే చిట్టమూరు వైపు నుంచి నాకు సంబంధం వచ్చింది. ఆ పిల్లను అంతకుముందే ఒక తిరునాళ్ళలో చూసి ఉన్నాను. మరోసారి చూడాలని మహా ఆశగా ఉండేది. మా వైపు పిల్లనిచ్చేవాళ్ళు ముందుగా ఇల్లూ వాకిలీ చూసుకోవడానికి వస్తారు. కుండీలు దొడ్లోకి తీసెయ్యమన్నాడు నాన్న. ఆ మాటను తుంగలో తొక్కి, తుంగను తెచ్చి అరుగుకి అటొకటి ఇటొకటి నిలబెట్టాను.

పిల్ల తండ్రి వచ్చి సరిగ్గా కుండీ పక్కనే కూర్చున్నాడు.

"తుంగకి నీళ్ళు పోస్తుండారే," అన్నాడు.

"అందానికండీ. నెల్లూరులో ఆఫీసరు గారి బంగళాలో కూడా ఇదే."

"ఆయనకి మడి ఎంతుంది నాయనా?"

"మడి లేదండీ."

"అట్లయితే పెంచుకోవచ్చు."

ఇక నాతో మాట్లాడలేదు. నాన్నతో వానల గురించీ ఎడ్ల గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం కుండీలోకి పోయింది. కోపం కాదు. తుంగ కనబడితే ఊరుకోవడం ఆ చేతికి తెలియదు. ఒక్కొక్క కాడా వేరుతో సహా లాగి, మన్ను దులిపి, ఎండలో వరసగా పరిచాడు. మజ్జిగ తాగడం అయ్యేసరికి కుండీ బోడి అయింది. నాన్న వద్దనలేదు సరికదా, రెండో కుండీని కాస్త దగ్గరికి జరిపాడు.

"కబురు చేస్తాం అన్నా," అని ఆయన లేచాడు.

కబురు రాలేదు. పిల్లను గూడూరు వైపు ఇచ్చారట. వాళ్ళ వాకిట్లో బంతిమొక్క కూడా లేదని విన్నాను. నాన్న ఆ కుండీల్లో మిరప నాటాడు. పీకి పారేసిన తుంగ మాత్రం దొడ్లో స్నానాల నీళ్ళు పారేచోట చిగిర్చి, వేసవికల్లా చిన్న మడంత అయింది. పంచె ఎగ్గట్టి, గొంతుక్కూచుని, వేళ్ళతో సహా నేనే పీకాను, అచ్చం రైతుబిడ్డలాగే. అప్పుడు చూసుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు.